కౌంటింగ్ రోజు పింక్ ఫ్లాయిడ్

సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఎన్నికలంటే నాకు టెన్షన్ ఉండేది కాదు. టెన్షన్ పడే తీరిక ఉండేది కాదు అనడమే నిజం. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఫిజికల్ సైన్స్ చెప్పి 2016లో నల్లగొండలో రిటైరయ్యాను. అప్పటిదాకా దాదాపు ప్రతి ఎన్నికకూ డ్యూటీ పడింది. మొదట్లో పోలింగ్ ఆఫీసరుగా, తర్వాత ప్రిసైడింగ్ ఆఫీసరుగా. ముందు రోజు డిస్ట్రిబ్యూషన్ సెంటర్లో సామాను లెక్క చూసుకోవడం, బస్సెక్కి ఊరు చేరడం, బడి వరండాలో చాప పరుచుకోవడం, తెల్లవారుజామున ఏజెంట్ల ముందు మాక్ పోల్ వేయించి మిషన్ మళ్లీ ఖాళీ చేసి చూపించడం, సాయంత్రం 17సి ఫారంలో పడ్డ ఓట్ల లెక్క రాసి ఏజెంట్లకు నకలు ఇవ్వడం, అర్ధరాత్రి దాటాక మిషన్లు అప్పగించి ఇంటికి రావడం. ఇంత పనిలో ఎవరు గెలుస్తారన్న ఆలోచన ఎక్కడ వస్తుంది? నా బూత్‌లో లెక్క కుదిరిందా లేదా, అంతే.

ఆ డ్యూటీల్లో పెద్దది 1996 లోక్‌సభ ఎన్నిక. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోతున్న ఊళ్ల గోడు ఢిల్లీకి వినబడాలని జనం గుంపులు గుంపులుగా నామినేషన్లు వేశారు. నల్లగొండ స్థానానికి చివరికి బరిలో మిగిలింది 480 మంది. బ్యాలెట్ పేపరు పుస్తకంలా అచ్చు వేయాల్సి వచ్చింది. ముసలివాళ్లు పేజీలు తిప్పుకుంటూ గుర్తు వెతుకుతుంటే లోపల వాళ్లకు, బయట లైనుకు సర్ది చెప్పలేక మా గొంతులు పోయాయి. ఆ ఏడే లోక్‌సభ డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10 వేలకు పెంచారు. మాది మర్రిగూడ మండలం, ఆ నీళ్లు తాగి పెరిగినవాణ్నే కాబట్టి ఆ 480 మంది మీద నాకు కోపం రాలేదు. అంత గందరగోళం నడిచినా ఆ రాత్రి ఇంటికొచ్చి పడుకుంటే పొద్దెక్కేదాకా లేవలేదు.

నిద్ర చెడింది రిటైరయ్యాకే. 2022 మునుగోడు ఉప ఎన్నికతో మొదలైంది. మా సొంతూరు ఆ నియోజకవర్గంలోనే. 47 మంది అభ్యర్థులు, నోటాతో కలిపి 48. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌కు 16 బటన్లు కాబట్టి లెక్క సరిగ్గా మూడు యూనిట్లకు సరిపోయింది. లెక్కల మీద ఇష్టమున్నవాణ్ని, ఇలాంటివి నాకు సంతోషంగా ఉంటాయి. మిగతాదేదీ సంతోషంగా లేదు. రాష్ట్రంలో ఉన్న నాయకులందరూ మా మండలాల్లోనే దిగారు. చిన్నప్పుడు కలిసి బావిలో ఈత కొట్టినవాళ్లు ఒకరి ఇంటికి ఒకరు పోవడం మానేశారు. మా తమ్ముడు ఒక జెండా, మా చిన్నాయన కొడుకు ఇంకో జెండా. ఇద్దరూ రాత్రి నాకే ఫోన్ చేసి మనసులో మాట కక్కేవాళ్లు. నవంబర్ 6న మా టౌన్లోనే, ఆర్జాలబావి గోదాముల దగ్గర, లెక్కింపు. మొదటి రౌండ్లలో ఆధిక్యం ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు మారుతుంటే టీవీ ముందు కూర్చున్న నాకు అరచేతులు చెమటలు పట్టాయి. మొత్తం 15 రౌండ్లు. అన్నం కూడా టీవీ ముందే.

వింతేమిటంటే, ఆ మొదటి రౌండ్లలో అర్థం చేసుకోవాల్సింది పెద్దగా ఏమీ ఉండదని నాకు తెలుసు. మిషన్లను బూత్ నంబర్ల వరుసలో టేబుళ్ల మీదికి తెస్తారు. పద్నాలుగు టేబుళ్లుంటే మొదటి రౌండులో ఒకటి నుంచి పద్నాలుగు బూత్‌లు, తర్వాతి రౌండులో పదిహేను నుంచి. అంటే మొదట లెక్కించేది నియోజకవర్గంలో ఒక మూలనున్న ఊళ్లను. ఆ మూల ఎవరికి పట్టుందో వాళ్లు ముందుంటారు. చౌటుప్పల్ మండలం అయ్యాక వేరే మండలం వస్తుంది, కథ మారుతుంది. ఇదంతా ఇంటికొచ్చినవాళ్లకు బోర్డు మీద పాఠంలా చెప్పేవాణ్ని. చెబుతూనే ఉండేవాణ్ని, గుండె మాత్రం దడదడ కొట్టుకుంటూనే ఉండేది.

2023 అసెంబ్లీ ఎన్నికలు వచ్చేసరికి అది ముదిరింది. రిటైర్డ్ టీచర్ల వాట్సాప్ గ్రూపులో రోజుకో సర్వే. ఎవరు చేశారో, ఎంతమందిని అడిగారో ఉండదు, సీట్ల సంఖ్య మాత్రం పక్కాగా ఉంటుంది. క్లాక్ టవర్ దగ్గర టీ కొట్టులో పందేలు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి ఫోన్ చేతిలోకి తీసుకునేవాణ్ని. బీపీ చూపిస్తే పైది 160 దాటింది. డాక్టరు మాత్ర మోతాదు పెంచి, ఎలక్షన్లు అయ్యేదాకా వార్తలు తగ్గించండి సార్ అన్నాడు. మా ఆవిడ మాత్రం అంత మర్యాదగా చెప్పలేదు. "నువ్వేమన్న పోటీ చేస్తున్నవా? ఓటేసినంక నీ పనైపోయింది, ఆ టీవీ బంద్ చెయ్యి" అంది.

బంద్ చేస్తే ఆ ఖాళీలో ఏం పెట్టాలి? ఘంటసాల పాటలు పెట్టి చూశాను. నాకు ప్రాణం ఆ పాటలంటే, కానీ అవి మనిషిని ఊరికి తీసుకుపోతాయి. ఊరికి పోతే మళ్లీ తమ్ముడు, చిన్నాయన కొడుకు, జెండాలు. భక్తి పాటలు వింటుంటే చెవులు వింటాయి, మనసు సీట్లు లెక్కపెడుతుంది. ఒక సాయంత్రం అలమారా కింది అరలో ఉన్న ఇంగ్లీషు రాక్ సంగీతం సీడీలు బయటికి తీశాను.

ఆ సీడీల కథ 1978లో మొదలవుతుంది. ఎన్జీ కాలేజీలో డిగ్రీ చేసి ఉస్మానియాలో ఎమ్మెస్సీకి చేరాను. హాస్టల్లో నా రూమ్మేట్ లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పెరిగినవాడు. పక్కిళ్లలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు, వాళ్లింట్లో గిటార్లు, రికార్డులు. వాడి టూ-ఇన్-వన్, ఖాళీ క్యాసెట్ల మీద ఎక్కించుకున్న పాటలు. నేను అప్పటిదాకా విన్నది సినిమా పాటలు, ఒగ్గు కథ, బుర్రకథ. ఇంగ్లీషు పాటలో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా లెడ్ జెప్లిన్ అనే రాక్ బృందం నాలుగో ఆల్బం చివరి పాట వినిపించినప్పుడు లేచి కూర్చున్నాను. డ్రమ్స్. పీర్ల గుండం చుట్టూ రాత్రిపూట డప్పు కొడుతుంటే కడుపులో తెలుస్తుంది చూడండి, అదే దెబ్బ.

ఆ శబ్దం అలా ఎందుకుందో చాలా ఏళ్ల తర్వాత చదివి తెలుసుకున్నాను. ఇంగ్లాండులో హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో మెట్ల గది అడుగున డ్రమ్స్ పెట్టించి, మైకులు పైఅంతస్తులో వేలాడదీశారట. జాన్ బోనమ్ కొట్టిన దెబ్బ గోడలకు తగిలి తిరిగొచ్చాక మైకుకు అందుతుంది. తొమ్మిదో తరగతికి ప్రతిధ్వని, ప్రతినాదం చెప్పేటప్పుడు ఈ ముచ్చట చాలాసార్లు వాడుకున్నాను. పిల్లలకు లెడ్ జెప్లిన్ ఎవరో అక్కర్లేదు, మెట్ల కింద డ్రమ్స్ అనగానే నవ్వి గుర్తుపెట్టుకునేవారు. ఆ పాట 1927 మిసిసిపీ వరదల మీద వచ్చిన పాత బ్లూస్ పాట. కట్ట తెగుతుందేమోనన్న భయం. బోరు ఎండిపోతుందన్న భయం తప్ప ఇంకోటి తెలియని మండలం నాది.

పింక్ ఫ్లాయిడ్ అనే ఇంకో రాక్ బృందం వాళ్ల 'డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' ఆల్బం అట్ట చూసి మాత్రం ఫిజిక్స్ విద్యార్థులుగా కాసేపు కొట్లాడుకున్నాం. పట్టకం గుండా తెల్లని కాంతి పోయి రంగులుగా విడిపోయే బొమ్మ. లెక్కపెడితే ఆరే రంగులు. ఇండిగో లేదు. బొమ్మ గీసినవాడికి న్యూటన్ పరీక్ష పెడితే ఒక మార్కు కోసేవాడు. 1973లో వచ్చిన ఈ ఆల్బం అమెరికాలో బిల్‌బోర్డ్ పట్టికలో 1988 దాకా మొత్తం 741 వారాలు ఉంది. అది గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతో ముగుస్తుంది. నిజం గుండె కాదు, డ్రమ్మును అలా వినిపించారు. గుండె దడ తగ్గడానికి గుండె చప్పుడున్న ఆల్బం ఏంటని మా ఆవిడ అడిగితే నా దగ్గర జవాబు లేదు. తగ్గిన మాట మాత్రం వాస్తవం.

ఎందుకు తగ్గిందో ఆలోచించాను. ఈ ఆల్బంలో ఒక పాటకూ ఇంకో పాటకూ మధ్య గోడ లేదు, ఒకదాంట్లోంచి ఇంకోటి వస్తుంది. దాదాపు 43 నిమిషాలు. మధ్యలో లేవబుద్ధి కాదు, ముందుకు తిప్పబుద్ధి కాదు. టీవీ దీనికి పూర్తిగా ఎదురు. ప్రతి నిమిషం 'బ్రేకింగ్' అంటుంది, అరముక్క చెబుతుంది, మిగతా ముక్క కోసం కూర్చోబెడుతుంది. నాకు జబ్బు తెప్పించింది ఎవరో గెలుస్తారన్న భయం కాదు, ఈ అరముక్కలే. ప్రిసైడింగ్ ఆఫీసరుగా నేను ఏనాడూ అరముక్క మోయలేదు. బూత్ మూసి, మొత్తం లెక్క రాసి, సీలు వేసి ఇచ్చాను.

మొదట ఫోనులో యూట్యూబ్ పెట్టి విన్నాను. అదీ బెడిసింది. పాటకూ పాటకూ మధ్య పార్టీల ప్రకటనలు. పింక్ ఫ్లాయిడ్ గాయకుడు రోజర్ వాటర్స్ గొంతు ఆగి, ఎవరో పెద్దాయన చేతులు జోడించి ప్రత్యక్షం. సీడీలు నయం, వాటి మధ్యలోకి ఎవరూ దూరలేరు. పాత ప్లేయరు దుమ్ము దులిపి, మనవడితో వైర్లు సరిచేయించాను. వాడికి సీడీ అంటే మ్యూజియం సరుకు.

ప్రచారం ముగిసేదాకా రామగిరి వీధుల్లో మైకుల ఆటోలు తిరుగుతూనే ఉండేవి. ఆ పాటలు బాగుండేవని ఒప్పుకోవాలి. తెలంగాణలో పాట లేకుండా ఎన్నిక లేదు, పాట కట్టేవాడికి కరువూ లేదు. ఆ ఆగస్టులోనే గద్దర్ పోయాడు. అయినా నాకు ఒక అనుమానం ఎప్పుడూ ఉంటుంది, మైకులో పెట్టేవాడు ఆ పాట వింటాడా అని. అమెరికాలో క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ వాళ్ల 'ఫార్చునేట్ సన్' అని 1969 పాట ఒకటుంది. పెద్దింటి కొడుకులు వియత్నాం యుద్ధానికి పోకుండా తప్పించుకుంటే పేదింటి కొడుకులు పోతున్నారన్న మంట అది. 2020లో ట్రంప్ సభల్లో దాన్నే మోగించారు. రాసి పాడిన జాన్ ఫోగర్టీ, నా పాట వాడొద్దని నోటీసు పంపాల్సి వచ్చింది.

నవంబర్ 28 సాయంత్రం 5 గంటలకు మైకులు ఆగాయి. అంతకు ముందే మా అమ్మ ఓటు అయిపోయింది. 80 దాటినవాళ్లకు ఇంటి దగ్గరే ఓటు వేసే వీలు ఆసారి కల్పించారు. మా తమ్ముడింటికి సిబ్బంది వచ్చారు, ఒకతను వీడియో తీశాడు, అట్టతో మరుగు కట్టారు. అది పోస్టల్ బ్యాలెట్, కాగితం. అమ్మ కాసేపు అటూ ఇటూ చూసి "బటన్ ఏది బిడ్డా?" అని అడిగిందట. గుర్తు పెట్టి, కవరులో వేసి, చాయ్ తాగి పడుకుంది. ఆమెకు సర్వేలతో పని లేదు.

30వ తేదీ గురువారం పోలింగ్. నేను పొద్దున్నే వెళ్లి వీవీప్యాట్‌లో ఆ ఏడు సెకన్లూ చీటీ చూసుకుని వచ్చేశాను. అదే తెల్లవారుజామున సాగర్ డ్యామ్ మీదికి ఆంధ్రా పోలీసులు వచ్చారన్న వార్త. సగం డ్యామ్ దాకా ముళ్లకంచె. మా జిల్లాలో సాగర్ మాట వస్తే ఎవరూ ప్రశాంతంగా ఉండలేరు. ఫోన్లు మోగడం మొదలైంది. సాయంత్రం ఎగ్జిట్ పోల్స్. అప్పటికి టీవీ రిమోట్ మా ఆవిడ కొంగున ఉంది.

మధ్యలో మూడు రాత్రులు. ఇవే కష్టం. పెట్టెలు స్ట్రాంగ్ రూములో ఉంటాయి, ఫలితం అందులో ఉంటుంది, ఎవరికీ తెలియదు, అందరూ మాట్లాడతారు. గ్రూపును మ్యూట్ చేశాను. రాత్రి భోజనం అయ్యాక ఒక ఆల్బం, చీకట్లో, మొత్తం. ఆదివారం కౌంటింగ్ కాబట్టి శనివారం మనవడు కూడా హైదరాబాదు నుంచి వచ్చాడు. ఇద్దరం కూర్చుని వరుస రాసుకున్నాం. నియమం ఒక్కటే. ఆల్బం అయ్యాకే టీవీ, ఐదు నిమిషాలు, మళ్లీ ఆల్బం. ఒక్కో రౌండుకు పట్టే సమయం పాత రికార్డు ఒక వైపు నిడివికి అటూ ఇటూగా సరిపోతుంది. ఆల్బం అంతా వింటే రెండు రౌండ్లు దాటతాయి. అప్పుడు చూస్తే కాస్త అర్థమున్న అంకె కనబడుతుంది.

డిసెంబర్ 3, ఉదయం 8. లెడ్ జెప్లిన్ నాలుగు. పక్కింటి టీవీ గోడ దాటి వినిపిస్తోంది, ఎనిమిదీ ఐదుకే ఎవరో ఆధిక్యంలో ఉన్నారట. ఆ సమయానికి టేబుల్ మీద ఉండేవి పోస్టల్ బ్యాలెట్లు. మిషన్లు ముట్టుకునేది ఎనిమిదిన్నర తర్వాత. మనవడికి ఒక కథ చెప్పాను. 1971 ఆగస్టు 1న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్ కచేరీ పెట్టాడు. ముందు రవిశంకర్ సితార్, అలీ అక్బర్ ఖాన్ సరోద్, అల్లా రఖా తబలా. వాళ్లు కూర్చుని శ్రుతి చేసుకుంటుంటే, అదే కచేరీ అనుకుని జనం చప్పట్లు కొట్టారు. శ్రుతే ఇంత నచ్చితే వాయించేది ఇంకా నచ్చుతుందిలెమ్మని రవిశంకర్ నవ్వుతూ అన్నాడు. ఎనిమిదిన్నర లోపు టీవీలో కొట్టుకునేవి అవే చప్పట్లు. వాడికి కథ నచ్చింది. అయినా ఫోను ఒకసారి చూశాడు.

రెండోది ద హూ వాళ్ల 'హూస్ నెక్స్ట్', 1971. దీని చివరి పాట 'వోంట్ గెట్ ఫూల్డ్ అగైన్' ఎనిమిదిన్నర నిమిషాలు. ఎన్నికల రోజు వినాల్సిన పాట ఏదైనా ఉంటే ఇదే. విప్లవం వస్తుంది, జెండాలు మారతాయి, కుర్చీలో కొత్తాయన కూర్చుంటాడు, చూస్తే పాతాయనే. పీట్ టౌన్‌షెండ్ రాసినప్పుడు ఇరవైల్లో ఉన్నాడు. ఇరవైల్లో ఉన్నవాడికి అంత విరక్తి ఎలా వచ్చిందోనని అనుకుంటాను, నాకు అరవై దాటినా అంత రాలేదు. నా అభిప్రాయంలో ఆ పాట సగమే నిజం. మనిషి మారకపోయినా, మార్చగలమని తెలిసి ఉండటం వేరు. అయితే చివర్లో ఆర్గాన్ ఒక్కటే సింథసైజర్ గుండా వణుకుతూ పోయి, డ్రమ్స్ వచ్చి పడి, రోజర్ డాల్ట్రీ వేసే కేక ఉంది చూడండి. ఆ కేక నేను టీవీ ముందు వేయాల్సింది, ఆయన నా బదులు వేశాడు.

తొమ్మిదిన్నరకు 'డార్క్ సైడ్'. 'టైమ్' పాట మొదట్లో గడియారాలన్నీ ఒక్కసారి మోగుతాయి. సౌండ్ ఇంజనీరు అలాన్ పార్సన్స్ పాత గడియారాల కొట్టుకు వెళ్లి ఒక్కొక్కటీ విడిగా రికార్డు చేసినవి. వంటింట్లోంచి మా ఆవిడ కుక్కర్ అనుకుని వచ్చింది. అది అయ్యాక డీప్ పర్పుల్ వాళ్ల 'మషీన్ హెడ్'. 1971 డిసెంబర్ 4న స్విట్జర్లాండ్‌లో మాంట్రూ కాసినో తగలబడి, పొగ సరస్సు మీద పరుచుకుంటే దాన్ని చూసి కట్టిన పాట అందులోనే ఉంది. రేపే ఆ తారీఖు అన్నాను మనవడితో. 'హోటల్ కాలిఫోర్నియా' పెట్టమని వాడు అడిగాడు, నేను పెట్టలేదు. మంచి పాటే. మా తరంలో గిటార్ పట్టిన ప్రతివాడూ వాయించి వాయించి దాన్ని అరగదీశాడు.

పదకొండుకు టీవీ చూస్తే రాష్ట్రంలో ప్రభుత్వం మారుతోందని తెలిసిపోయింది. నేను ఓటేసినవాళ్లు గెలిచారా లేదా అన్నది ఇంట్లో కూడా చెప్పను, ఇక్కడా చెప్పను. బీపీ చూసుకుంటే 138. మా తమ్ముడు, చిన్నాయన కొడుకు ఇద్దరూ ఫోన్ చేశారు. ఒకడు ఏడుపు, ఒకడు సంబరం. ఇద్దరికీ అన్నం తిని పడుకోమన్నాను.

2024 జూన్ 4న లోక్‌సభ లెక్కింపుకు అదే వరుస పాటించాను. ఈసారి నా పక్కన కూర్చోవడానికి గ్రూపులోని ఒక సార్ కూడా వచ్చాడు. ఆయనకు రాక్ తలనొప్పి. రెండో ఆల్బం సగంలో, "సార్, వీళ్లు ఎందుకు అరుస్తున్నరు?" అని అడిగి, చాయ్ తాగి వెళ్లి ఇంట్లో టీవీ పెట్టుకున్నాడు. అందరికీ పనిచేసే మందు కాదిది.

2025 డిసెంబర్ పంచాయతీ ఎన్నికల్లో మాత్రం నా పద్ధతి పారలేదు. అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటకు పోలింగ్ ముగుస్తుంది, రెండింటికి లెక్కింపు మొదలవుతుంది. సర్పంచుకు గులాబీ బ్యాలెట్, వార్డు మెంబరుకు తెల్లది, ముందు తెల్లవి లెక్కపెడతారు. మా తమ్ముడి కొడుకు వార్డుకు నిలబడ్డాడు. నేను 'డార్క్ సైడ్' పెట్టాను, గడియారాలు ఇంకా మోగనే లేదు, ఫోన్ మోగింది. "పెద్దబాపూ, పదకొండు ఓట్లతోటి బయటపడ్డం" అన్నాడు. వెనక డప్పు మోతకు మిగతాది వినబడలేదు. ఉప సర్పంచ్ ఎన్నిక కూడా ఆ రోజే, దానికి వీడు కూడా ఆశపడుతున్నాడట. అది తేలేసరికి ఎంత రాత్రవుతుందో చెప్పలేనన్నాడు. నేను లేచి 'మషీన్ హెడ్' కూడా వెతికి పక్కన పెట్టుకున్నాను.